బీఎస్సీ పుస్తకాలకు ఖర్చు తగ్గించుడు ఎట్ల? (హన్మకొండ, ఎంపీసీ – బీజడ్‌సీ)

పరకాల_పెద్దోడు

అందరికీ నమస్తే. మా తమ్ముడు, చెల్లె కవలలు. దోస్త్‌ల (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లల) ఇద్దరికీ హన్మకొండలనే సీట్లు వచ్చినయి. తమ్ముడు బీఎస్సీ ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ), చెల్లె బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). కాలేజీలు వేరే వేరే, కానీ రెండూ కాకతీయ యూనివర్సిటీ కిందివే. కాలేజీల ఇచ్చిన పుస్తకాల లిస్టు పట్టుకొని దుకాణంల అడిగితే మొదటి సెమిస్టర్‌కే ఇద్దరికీ కలిపి ఎనిమిది వేలు దాటుతున్నది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుస్తకాలకు రాదు కదా.

అడిగేది ఏందంటే: లిస్టుల ఉన్నయన్నీ కొనాల్నా? ఏవి కొత్తవి కొనాలె, ఏవి పాతవి నడుస్తయి? నెట్‌ల ఫ్రీగా దొరికేటివి మన సిలబస్‌కు సరిపోతయా? ఇంటర్ దాక ఇద్దరూ తెలుగు మీడియమే, ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం. తెలుగుల కూడా ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిదా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

రసాయనశాల

పెద్దోడు గారూ, కొనడం వారం పది రోజులు ఆపండి. ముందు యూనివర్సిటీ సిలబస్ కాపీ తీసుకొని, కాలేజీ ఇచ్చిన లిస్టు పక్కన పెట్టండి. లిస్టులో చివర 'రిఫరెన్స్ పుస్తకాలు' అని ఉండేవి లెక్చరర్ పాఠం తయారు చేసుకోవడానికి, లైబ్రరీలో ఉంచడానికి రాసినవి. విద్యార్థి ఒక్కొక్కటీ కొనాలని కాదు. మీ ఎనిమిది వేలల్లో ఎక్కువ భాగం వీటిదే అయి ఉంటుంది.

మీ ఇంట్లో పెద్ద ఆదా కెమిస్ట్రీలో ఉంది. ఎంపీసీకైనా బీజడ్‌సీకైనా కెమిస్ట్రీ పేపర్ ఒకటే. కాలేజీలు వేరైనా, అటానమస్ (సొంత సిలబస్, సొంత పరీక్షలు పెట్టుకునేవి) కాకపోతే యూనివర్సిటీ ఒకటే కాబట్టి సిలబస్ మారదు. ఇద్దరికీ ఒకే సెట్ చాలు. ఇబ్బంది పరీక్షల వారంలో వస్తుంది. పేపర్ ఇద్దరికీ ఒకే రోజు కాబట్టి ముందు రోజు రాత్రి ఇద్దరికీ అదే పుస్తకం కావాలి. అందుకని ఒక ప్రామాణిక సెట్, దాంతోపాటు ఒక సెమిస్టర్ పుస్తకం (ఆ సెమిస్టర్ సిలబస్ మేరకే వేసేది) ఉంచుకోండి. ఒకరు ఇది చదువుతుంటే ఇంకొకరు అది చదవొచ్చు.

సెట్ అని ఎందుకన్నానంటే, మన కెమిస్ట్రీ పేపర్ మొదటి నాలుగు సెమిస్టర్లలో నాలుగేసి యూనిట్లు: ఇనార్గానిక్, ఆర్గానిక్, ఫిజికల్, నాలుగోది జనరల్ కెమిస్ట్రీ. అందుకే లిస్టులో మూడు లావు పుస్తకాలు కనిపిస్తాయి. ఒక్క సెమిస్టర్‌కు చూస్తే ఒక్కోదానిలో రెండు మూడు అధ్యాయాలే పని. కానీ అవే మూడు పుస్తకాలు తర్వాతి సెమిస్టర్లలోనూ పనికొస్తాయి. కాబట్టి ఆ మూడింటినీ ఒకేసారి పాతవి కొనేయడం లాభం. సెమిస్టర్ పుస్తకం మాత్రం ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టర్ కొనుక్కోండి. ఆరూ ముందే కొంటే, మధ్యలో సిలబస్ సవరిస్తే మిగిలినవి అక్కరకు రావు.

పాత పుస్తకం ఎంత పాతదైతే పరవాలేదు అనేదే అసలు ప్రశ్న. ఆర్గానిక్‌లో చర్యల విధానాలు, స్టీరియోకెమిస్ట్రీ ఇరవై ఏళ్ల కిందటి పుస్తకంలో ఉన్నా చదువుకోవచ్చు. ఫిజికల్, ఇనార్గానిక్‌లలో మాత్రం కొన్ని చోట్ల గట్టిగా దెబ్బ తింటారు. అవి చెప్తాను, పుస్తకం చేతికి రాగానే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమనండి.

మొదటిది ఉష్ణగతిక శాస్త్రం మొదటి నియమం. పాత పుస్తకాల్లో 'డెల్టా యు = క్యూ మైనస్ డబ్ల్యూ' అని ఉంటుంది. అక్కడ డబ్ల్యూ అంటే వ్యవస్థ చేసిన పని. ఇప్పటి ఐయూపీఏసీ (రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో 'డెల్టా యు = క్యూ ప్లస్ డబ్ల్యూ', డబ్ల్యూ అంటే వ్యవస్థ మీద జరిగిన పని. రెండూ సరైనవే. సూత్రం ఒక పుస్తకం నుంచి, గుర్తు ఇంకో పుస్తకం నుంచి తీసుకుంటేనే జవాబు తలకిందులవుతుంది. పైగా ఫిజిక్స్ పుస్తకాల్లో ఇప్పటికీ మొదటి పద్ధతే ఎక్కువ కనిపిస్తుంది. మీ తమ్ముడికి రెండు సబ్జెక్టులూ ఉన్నాయి కాబట్టి ఈ తేడా వాడికి ముందే తెలిసి ఉండాలి.

రెండోది ఎలక్ట్రోడ్ పొటెన్షియల్. పాత అమెరికన్ పుస్తకాల్లో ఆక్సీకరణ పొటెన్షియల్ పట్టికలు ఉంటాయి, జింక్‌కు ప్లస్ 0.76 వోల్టులు అని. ఇప్పుడు వాడేది క్షయకరణ పొటెన్షియల్, జింక్‌కు మైనస్ 0.76. పట్టిక పైన ఏ పేరు ఉందో చూడకుండా అంకె ఎత్తి రాస్తే సెల్ పొటెన్షియల్ గుర్తు తప్పిపోతుంది.

మూడోది యూనిట్లు. కేలరీల్లో లెక్కలు ఉంటే వాయు స్థిరాంకం 1.987, జౌళ్లలో అయితే 8.314. ఒక కేలరీ 4.184 జౌళ్లు. ఐయూపీఏసీ 1982లో ప్రామాణిక పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కు మార్చింది. అందుకే సున్నా డిగ్రీల దగ్గర మోలార్ ఘనపరిమాణం ఒక పుస్తకంలో 22.4 లీటర్లు, ఇంకో పుస్తకంలో 22.7 లీటర్లు కనిపిస్తుంది. ప్రశ్నలో పీడనం ఏది ఇచ్చారో చూసి వాడాలి.

ఆవర్తన పట్టికలో గ్రూపులకు ఇప్పుడు 1 నుంచి 18 అంకెలు. పాత రోమన్ అంకెల పద్ధతిలో ఏ, బీ అక్షరాలు అమెరికాలో ఒకలా, యూరప్‌లో ఇంకోలా పెట్టారు. 13వ గ్రూపు ఒకచోట మూడు-ఏ, ఇంకోచోట మూడు-బీ. 2016 నవంబరుకు ముందు అచ్చైన పుస్తకాల్లో 113, 115, 117, 118 మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెనెసిన్, ఓగనెసాన్ అనే పేర్లు అధికారికంగా ఉండవు. పాత పుస్తకం అట్ట లోపల కొత్త ఆవర్తన పట్టిక ప్రింట్ ఒకటి అతికిస్తే ఈ రెండు చిక్కులూ పోతాయి.

లాగ్ టేబుల్స్ మాత్రం కొత్తవే కొనండి. ధర చాలా తక్కువ. మాసిన పట్టికలో 3కు, 8కి తేడా తెలియక ప్రాక్టికల్స్‌లో మార్కులు పోగొట్టుకోవడం అన్యాయం.

చౌరస్తా_పాతపుస్తకాలు

సార్ చెప్పింది మంచిగుంది. కొనేకాడ చూసుకునే సంగతులు నేను చెప్త.

పాత పుస్తకం ధరను ఎమ్మార్పీతోని పోల్చొద్దు అన్నా. దుకాణంల కొత్తది ఎంతకు వస్తదో దాంతోని పోల్చాలె. ఎమ్మార్పీ 600 ఉన్న పుస్తకాన్ని 15 శాతం తగ్గించి ఇస్తే కొత్తదే 510కి వచ్చె. పాతది 400 చెప్తే మీకు మిగిలేది 110 రూపాయలు, మీదికెళ్లి ఒకరు గీతలు గీసిన పుస్తకం. గసొంటప్పుడు కొత్తదే తీసుకోండ్రి. మంచిగున్న పాతదానికి ఎమ్మార్పీల సగం, అట్ట పోయినదానికి, ఎడిషన్ ఎన్కటిదైనదానికి మూడో వంతు. నేనైతే అంతకు మించి పెట్టొద్దంట. ఇంకోటి, అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. బిల్లుల జీఎస్టీ అని కలిపితే ఎందుకని అడుగుండ్రి.

పట్టుకొని చూసేటప్పుడు ఇట్ల చూడుండ్రి. పుస్తకాలు ఫారాలు ఫారాలుగ అచ్చేస్తరు, ఎక్కువ శాతం 16 పేజీలకు ఒక ఫారం. బైండింగ్‌ల ఒక ఫారం రెండుసార్లు పడి పక్కది పడకుంట పోవచ్చు. పైన పైన తిప్పితే కనబడది. కుట్టు పుస్తకమైతే వెన్ను మీదికెళ్లి చూస్తే కట్టలు కనబడతయి, కట్ట మారిన ప్రతికాడ పేజీ నంబర్లు వరుసగ ఉన్నయా చూసుకోవాలె. గమ్ బైండింగ్‌దైతే నడుమల పూర్తిగ తెరిచి చూడాలె. వెన్ను పటుక్కున ఇరిగితే సెమిస్టర్ దాటకముందే పేజీలు ఊడుతయి. అట్లాంటిది తీసుకుంటే బైండింగ్ ఖర్చు కూడ ధరల కలుపుకోండ్రి.

డూప్లికేట్ ప్రింట్ల కాడ బాగ జాగ్రత్త. అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి అచ్చేసినయి ఉంటయి. ధర తక్కువ చూసి మోసపోవద్దు. ఫొటోలు బూడిద రంగుల మాసినట్టు ఉంటయి, పక్క మార్జిన్ ఇరుకుగ ఉంటది, పేజీ జర వంకరగ పడ్తది. కథల పుస్తకానికైతే ఎట్లనో నడుస్తది గని సైన్స్ పుస్తకానికి పనికిరాదు. పైన చిన్నగ వేసే ఘాతాంకాలు, కింద వేసే అంకెలు ముద్దయితయి. పది మీద మైనస్ ఎనిమిది ఉందో మైనస్ మూడు ఉందో తెల్వకపోతే ఆ లెక్క ఎట్ల చేస్తరు? ఆర్గానిక్‌ల డబుల్ బాండు రెండు గీతలు కలిసి ఒక్కటే కనబడ్తది. కొనే ముందు పుస్తకం ఎనకాల స్థిరాంకాల పట్టిక తీసి చదువుండ్రి. అన్ని అంకెలు తేటగ కనబడితేనే పైసలు ఇయ్యుండ్రి.

పెద్ద విదేశీ కంపెనీల పుస్తకాలకు ఇండియా ఎడిషన్లు వస్తయి, తక్కువ ధర. 'ఇండియాలనే అమ్మాలె' అని అట్ట మీద రాసి ఉంటది. పాఠం ఎక్కువమట్టుకు అదే, కాగితం పల్చగ ఉంటది. కొన్నిట్ల అభ్యాసాల నంబర్లు మారుతయి, క్లాసుల 'ఫలాన నంబరు లెక్క చేసుకరాండ్రి' అంటే పక్కోళ్ల పుస్తకంతోని సరిచూసుకోవాలె.

ఎప్పుడు కొనాలె అంటే, సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన వారం పది రోజులల్ల. హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు పోయేటోళ్లు మూటలు మూటలుగ దించుతరు. కాలేజీలు తెరిచినంక అదే పుస్తకం ధర పెరుగుతది. నేరుగ సీనియర్ల దగ్గర కొంటే ఇంక అగ్గువ. మూడో సంవత్సరం ఆఖరి పరీక్షనాడు కాలేజీ గేటుకాడ అడిగితే ఆరు సెమిస్టర్లయి ఒక్కతాన దొరుకుతయి. తిరిగి కొంటరా అని కొనేటప్పుడే అడుగుండ్రి. కొంటమంటే ఎంతకో బిల్లు ఎనకాల రాయించుకోండ్రి.

హైదరాబాద్ కోఠిల పాత పుస్తకాలు మస్తు దొరుకుతయి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడ. కానీ రెండు పుస్తకాల కోసం కాజీపేటల రైలెక్కితే మిగిలింది చార్జీలకే పోతది. నలుగురైదుగురి లిస్టు కలుపుకొని ఒక్కరు పోతేనే లాభం. పోయేటోళ్లు ప్రతి పుస్తకానికి రచయిత పేరు, ఎడిషన్, కావాల్సిన అధ్యాయాలు రాసుకొని పోవాలె.

వెక్టర్_ఫీల్డ్

ఎంపీసీ తమ్ముడి సంగతి నేను చెప్తాను. ఫిజిక్స్, మ్యాథ్స్ రెండింటికీ చట్టబద్ధంగా ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. 'ఫిజిక్స్ పీడీఎఫ్' అని వెతికితే మాత్రం ఫలితం ఉండదు. ఏ యూనిట్‌కు ఏది సరిపోతుందో తెలిస్తేనే ఉపయోగం.

ఫిజిక్స్‌కు మొదట చూడాల్సింది ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ సైట్. అందులో బీఎస్సీ పాఠాలు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి, ఇంగ్లీష్‌లో. కోర్సు కోడ్‌తో వెతకండి. మెకానిక్స్‌కు బీపీహెచ్‌సీటీ-131, ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజంకు 133, థర్మల్ ఫిజిక్స్‌కు 135, వేవ్స్ అండ్ ఆప్టిక్స్‌కు 137. మన మొదటి నాలుగు సెమిస్టర్ల పేపర్లు దాదాపు ఇవే అంశాలు, వరుస మాత్రం వేరు: మెకానిక్స్, థర్మల్, ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీ, ఆప్టిక్స్. దూరవిద్య కోసం రాసినవి కాబట్టి పక్కన చెప్పేవాళ్లు లేకపోయినా అర్థమయ్యేలా ఉంటాయి, యూనిట్ చివర ప్రశ్నలకు జవాబులు కూడా ఇస్తారు. మెకానిక్స్ వరకైతే ఇంగ్లీష్ కొత్త అయిన పిల్లలకు లావు రిఫరెన్స్ పుస్తకం కంటే ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

రెండోది ఓపెన్‌స్టాక్స్. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ నడుపుతుంది, డౌన్‌లోడ్ ఉచితం. యూనివర్సిటీ ఫిజిక్స్ మూడు సంపుటాలు. మొదటి దానిలో మెకానిక్స్, డోలనాలు, తరంగాలు. రెండో దానిలో ఉష్ణం, విద్యుత్తు, అయస్కాంతత్వం. మూడో దానిలో ఆప్టిక్స్, ఆధునిక భౌతికశాస్త్రం. బొమ్మలు, సాధించిన లెక్కలు బాగుంటాయి. కానీ మన సిలబస్ మొత్తానికి ఇది సరిపోదు. మొదటి సెమిస్టర్‌లో వచ్చే గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్, గాస్, స్టోక్స్ సిద్ధాంతాలు ఇందులో దొరకవు. వాటికి అదే సైట్‌లో కాలిక్యులస్ మూడో సంపుటం, ఆరో అధ్యాయం తీసుకోవాలి. థర్మల్‌లో మాక్స్‌వెల్ సంబంధాలు కూడా లేవు, దానికి పైన చెప్పిన 135 చూడాలి.

మ్యాథ్స్‌లో పై సెమిస్టర్లకు సిలబస్‌లో రాసే విదేశీ పుస్తకాల ధర చూసి భయపడతారు. రియల్ అనాలిసిస్‌కు జిరి లెబ్ల్ రాసిన బేసిక్ అనాలిసిస్ మొదటి సంపుటం ఉచితం. అనుక్రమాలు రెండో అధ్యాయం, అవిచ్ఛిన్నత మూడు, అవకలనం నాలుగు, రీమాన్ సమాకలనం అయిదు, ప్రమేయాల అనుక్రమాలు ఆరు. ఆల్జీబ్రాకు థామస్ జడ్సన్ పుస్తకం ఉచితం. గ్రూపులు మూడో అధ్యాయం నుంచి, కోసెట్లు, లెగ్రాంజ్ సిద్ధాంతం ఆరులో, హోమోమార్ఫిజంలు పదకొండులో, రింగులు పదహారులో. లీనియర్ ఆల్జీబ్రాకు జిమ్ హెఫరాన్ పుస్తకం, లెక్కలకు పూర్తి జవాబులు వేరే పీడీఎఫ్‌లో ఇచ్చారు. మన పరీక్షల్లో సిద్ధాంతాల నిరూపణలు అడుగుతారు. రచయితను బట్టి నిరూపణ దారి మారుతుంది, కాబట్టి క్లాసులో చెప్పిన నిరూపణ నోట్స్‌లో ఉండాలి. ఈ పుస్తకాలను అర్థం చేసుకోవడానికి, లెక్కలు చేయడానికి వాడుకోమనండి.

మొదటి సెమిస్టర్ కాలిక్యులస్‌కు, రెండో సెమిస్టర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కు మాత్రం ఒక్కొక్క అచ్చు పుస్తకం కొనండి, పాతదైనా సరే. గణితంలో పాతబడేది ఏమీ లేదు. ఎక్కువ లెక్కలు చేతితో చేసే పేపర్లు ఇవి, ఫోన్‌లో పేజీ జరుపుకుంటూ లెక్క చేయడం కుదరదు.

ఎలక్ట్రోమాగ్నెటిక్ థియరీకి పాత పుస్తకం తీసుకుంటే యూనిట్ల పద్ధతి చూడండి. బాగా పాతవి సీజీఎస్ (సెంటీమీటర్-గ్రామ్-సెకండ్) పద్ధతిలో ఉంటాయి. గాస్ నియమంలో కుడివైపు 4 పై క్యూ అని ఉంటే అది సీజీఎస్, క్యూ బై ఎప్సిలాన్ నాట్ అని ఉంటే ఎస్ఐ. మన పరీక్షలకు ఎస్ఐ కావాలి. సీజీఎస్ పుస్తకం ఊరికే ఇచ్చినా వద్దు. ప్రతి సూత్రంలో 4 పై ఎక్కడ కలపాలో ఎక్కడ తీసేయాలో తేల్చుకోవడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

ప్రింట్ సంగతి. పీడీఎఫ్ మొత్తం ప్రింట్ తీయించొద్దు, కావాల్సిన అధ్యాయాలే చాలు. 300 పేజీలు ఒక్కోటి ఒక్కో సైడ్ తీస్తే, సైడ్‌కు రూపాయి అనుకున్నా 300. ఒక సైడ్‌కు రెండు పేజీలు పెట్టి రెండు వైపులా తీస్తే 150 సైడ్లు, 75 షీట్లు, సగం ఖర్చు. అక్షరం అసలు సైజులో సుమారు 70 శాతానికి తగ్గుతుంది, చదవొచ్చు. అంతకన్నా చిన్నది చేయొద్దు, ఘాతాంకాలు కనిపించవు. కాగితం అడ్డంగా ఉండి ఎడమవైపు స్పైరల్ వేయాలంటే 'షార్ట్ ఎడ్జ్' తిప్పుడు అని చెప్పండి. 'లాంగ్ ఎడ్జ్' పెడితే వెనక పేజీలన్నీ తలకిందులుగా వస్తాయి. రంగు పీడీఎఫ్‌ను నలుపు తెలుపులో తీసేటప్పుడు గ్రాఫ్‌లో ఎర్ర గీత, నీలి గీత ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి. అలాంటి పేజీల నంబర్లు రాసుకొని ఫోన్‌లో రంగుల్లో చూసుకోవాలి. నయీంనగర్, కేయూ క్రాస్ దగ్గర సెంటర్లలో ఎక్కువ పేజీలు ఒకేసారి ఇస్తే రేటు తగ్గుతుందేమో ముందే అడగండి, నలుగురు స్నేహితులవి కలిపి ఇవ్వొచ్చు.

పరకాల_పెద్దోడు

అందరికీ మస్తు థ్యాంక్స్. రెండు డౌట్లు. దుకాణంల కొత్త పుస్తకం తెచ్చి మొత్తం జిరాక్స్ తీయించుకొమ్మని తమ్ముని దోస్తులు అంటున్నరు, అది సరైనదేనా? చెల్లె బోటనీ, జువాలజీ గురించి ఎవరూ చెప్పలే. వాటికి బొమ్మలు ఎక్కువ కద, ఫోన్ల నడుస్తదా?

గ్రంథాలయం_540

జిరాక్స్ గురించి. మొత్తం పుస్తకాన్ని కాపీ తీయించడం వద్దు. కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. సొంత చదువు కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడైనా విద్యార్థి అయినా కాపీ చేసుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ సెంటర్ మీద ప్రచురణకర్తలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఇదే సెక్షన్ మీద విద్యార్థులకు అనుకూలంగా చెప్పింది. అయితే అది వేర్వేరు పుస్తకాల్లోంచి సిలబస్‌కు కావాల్సిన భాగాలు కలిపి చేసిన కోర్సు ప్యాక్‌ల గురించి. అప్పీలు విన్న డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) కూడా బోధనకు ఎంత అవసరమో అంత అనే కొలత పెట్టింది. కాబట్టి లెక్చరర్ చెప్పిన అధ్యాయం కాపీ తీయించుకోవడం వేరు, దుకాణంలో దొరికే పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా తీయించడం వేరు. ఖర్చు లెక్క చూసినా 600 పేజీల పుస్తకం జిరాక్స్, బైండింగ్ కలిపితే పాత అసలు పుస్తకం ధరకే వస్తుంది.

లైబ్రరీ సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే ఇంత రాస్తున్నా. కాలేజీ లైబ్రరీలో సైన్స్ పుస్తకాలు దశాంశ వర్గీకరణ ప్రకారం సర్ది ఉంటే నంబర్లు గుర్తు పెట్టుకోండి: గణితం 510, ఫిజిక్స్ 530, కెమిస్ట్రీ 540 (అందులో ఫిజికల్ 541, ఇనార్గానిక్ 546, ఆర్గానిక్ 547), జీవశాస్త్రం 570, బోటనీ 580, జువాలజీ 590. లిస్టులో ఉన్న పుస్తకం లేకపోతే తిరిగి వచ్చేయొద్దు. అదే నంబరు దగ్గర అదే అంశం మీద ఇంకో రచయితది ఉంటుంది. లిస్టు పుస్తకం కోసం అందరూ పోటీ పడతారు, పక్కది ఏడాదంతా దుమ్ము పట్టి ఉంటుంది.

ఇంటికి ఇచ్చే పుస్తకాలు వేరు, అక్కడే కూర్చొని చదవాల్సిన రిఫరెన్స్ కాపీలు వేరు. సెమిస్టర్ మొదలైన మొదటి వారంలో ఇంటికిచ్చే కాపీలు అయిపోతాయి కాబట్టి లైబ్రరీ కార్డు అడ్మిషన్ అయిన వెంటనే తీసుకోండి. గడువు తేదీ దాటితే జరిమానా పడుతుంది, ఒకరోజు ముందే వెళ్లి రెన్యువల్ చేయించుకుంటే ఆ బాధ ఉండదు. పుస్తకం బయట ఉంటే రిజర్వ్‌లో పేరు రాయించండి.

కాలేజీ ఎన్-లిస్ట్‌లో సభ్యత్వం తీసుకుందా అని లైబ్రేరియన్‌ను అడగండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ కింద లైబ్రరీలను కలిపే సంస్థ) నడిపే పథకం అది, సభ్య కాలేజీ విద్యార్థులకు ఇ-పుస్తకాలు చదవడానికి లాగిన్ ఇస్తారు. విద్యార్థి నేరుగా రిజిస్టర్ కాలేడు, కాలేజీ ద్వారానే రావాలి. కాలేజీ చేరి ఉన్నా ఎవరూ అడగక లాగిన్‌లు పంచకుండా ఉండిపోయే సందర్భాలు ఉంటాయి కాబట్టి మీరే అడగాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీకి ఎవరైనా చేరొచ్చు.

తెలుగు మీడియం నుంచి వచ్చారన్నారు. అయితే తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం ఒక్కో సబ్జెక్టుకు ఒకటి దగ్గర ఉండటం చాలా మంచిది. 1968లో మొదలైన సంస్థ, పారిభాషిక పదాలు అంతటా ఒకే తీరుగా వాడతారు. పాతది దొరికినా తీసుకోండి. ఒక్క జాగ్రత్త: కాకతీయ యూనివర్సిటీలో 2016-17 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు అకాడమీ పుస్తకాల మీద 'ప్రథమ సంవత్సరం', 'ద్వితీయ సంవత్సరం' అని ఉంటుంది. మొదటి సంవత్సరం పుస్తకంలోని పాఠాలు ఇప్పుడు మూడు నాలుగు సెమిస్టర్లలో చెల్లాచెదురుగా ఉండొచ్చు. విషయసూచిక పక్కన ఏ పాఠం ఏ సెమిస్టర్‌దో పెన్సిల్‌తో రాసుకుంటే పుస్తకం మళ్లీ పనికొస్తుంది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాలు కూడా బాగుంటాయి, అందులో చదివిన సీనియర్లు ఎవరైనా ఉంటే అడగండి.

పత్రహరితం

చెల్లికి: బోటనీ, జువాలజీ పుస్తకాలు అన్నీ ఒకే వేగంతో పాతబడవు. శరీర నిర్మాణం, పిండాభివృద్ధి, శైవలాలు, శిలీంద్రాల జీవిత చక్రాలు, అకశేరుకాల టైప్ స్టడీ (ఒక్కో వర్గం నుంచి ఒక జీవిని నమూనాగా తీసుకొని చదవడం) లాంటివాటికి పదిహేనేళ్ల కిందటి పుస్తకమైనా ఢోకా లేదు. కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, మాలిక్యులర్ బయాలజీ, బయోటెక్నాలజీ వచ్చే సెమిస్టర్లలో మాత్రం పాతదాన్ని నమ్ముకోవద్దు, ఏడెనిమిదేళ్ల లోపుది చూసుకోండి.

వర్గీకరణకు పాత పుస్తకం తీసుకుంటే కుటుంబాల పేర్లు రెండు తీర్లుగా కనిపిస్తాయి. కంపోజిటే అంటే ఇప్పటి ఆస్టరేసి, గ్రామినే అంటే పోయేసి, లేబియేటే అంటే లామియేసి, అంబెల్లిఫెరే అంటే ఏపియేసి, క్రూసిఫెరే అంటే బ్రాసికేసి. పరీక్షలో కొత్త పేరు రాసి పాతది పక్కన పెట్టినా తప్పు కాదు. బెంథామ్-హుకర్ పద్ధతి 1862-83 నాటిదే కాబట్టి అది ఏ పుస్తకంలో చదివినా ఒకటే. డీఎన్‌ఏ ఆధారంగా చేసిన ఏపీజీ వర్గీకరణ మాత్రం అలా కాదు, నాలుగో రూపం 2016లో వచ్చింది. జిల్లేడు కుటుంబం ఆస్క్లిపియడేసి ఏపీజీలో ఎపోసైనేసిలో కలిసిపోయింది, పాత పుస్తకంలో వేరుగా ఉంటుంది.

బొమ్మల గురించి. చదవడానికి ఫోన్ నడుస్తుంది, బొమ్మ గీసి నేర్చుకోవడానికి నడవదు. ఓపెన్‌స్టాక్స్ బయాలజీ పుస్తకం రెండో ఎడిషన్ ఉచితమే, రంగు బొమ్మలు చక్కగా ఉంటాయి. అయితే 1400 పేజీలకు పైన ఉంటుంది, ప్రింట్ జోలికి వెళ్లొద్దు. పైగా మన సిలబస్‌లో వచ్చే టైప్ స్టడీలు అందులో అంత లోతుగా ఉండవు. కణం, జన్యువు, పరిణామం, ఆవరణశాస్త్రం అధ్యాయాలకు అది చాలా మంచిది. గీసే బొమ్మలకు ఒక సాదా సెమిస్టర్ పుస్తకం చాలు. అందులో గీత బొమ్మలు ఉన్నాయా, ఫొటోలు మాత్రమే ఉన్నాయా చూసి కొనండి. పరీక్షలో గీయాల్సింది గీత బొమ్మ.

ప్రాక్టికల్ రికార్డు కాలేజీ చెప్పిన సైజులోనే కొత్తది కొనాలి, అందులో ఆదా లేదు. సీనియర్ రికార్డు మాత్రం చూసుకోవడానికి అడిగి పెట్టుకోండి. ఏ స్లైడ్లు, ఏ స్పెసిమెన్లు ఆ ల్యాబ్‌లో నిజంగా ఉన్నాయో దాన్ని చూస్తే తెలిసిపోతుంది, లావు ప్రాక్టికల్ మాన్యువల్ కొనే అవసరం తప్పుతుంది. బొమ్మలు మాత్రం రికార్డులోంచి ఎత్తిగీయకుండా స్లైడ్ చూసి గీయాలి. సీనియర్ చేసిన తప్పు కూడా అలాగే దిగిపోతుంది, వైవాలో అక్కడే పట్టుకుంటారు.

పరకాల_పెద్దోడు

మంచిర్యాలల మా మేనత్త బిడ్డ మొన్ననే బీజడ్‌సీ అయిపోగొట్టింది, పుస్తకాలు ఊరికే ఇస్తనన్నది. నాలుగు కిలోల దాక ఉంటయట. పంపియ్యాలంటే అగ్గువ దారి ఏది?

చౌరస్తా_పాతపుస్తకాలు

పోస్టాఫీసుల 'జ్ఞాన్ పోస్ట్' అని అడగమనుండ్రి. 2025 మే 1 నుంచి వచ్చింది, చదువు పుస్తకాలకు నడుస్తది. 300 గ్రాముల దాక 20 రూపాయలు, 5 కిలోల దాక 100, మీద పన్ను. ట్రాకింగ్ ఉంటది. రోడ్డు, రైలు మీదనే వస్తది కాబట్టి జర ఆలస్యమైతది. పుస్తకం మీద ప్రచురించినోళ్ల పేరో అచ్చేసినోళ్ల పేరో ఉండాలె, నోట్సులు, ఉత్తరాలు, మాగజైన్లు అండ్ల కలపొద్దు. 5 కిలోలు దాటితే రెండు పార్సిళ్లు చెయ్యుండ్రి. మూలలు దెబ్బ తినకుంట అట్టపెట్టెల గట్టిగ సర్ది, వానకాలం కాబట్టి లోపల ప్లాస్టిక్ కవరు చుట్టమనుండ్రి. ఆ పిల్ల నోట్సు కూడ కావాలంటే మంచిర్యాల దిక్కుకెళ్లి ఎవరన్న వచ్చేటప్పుడు చేతికి ఇచ్చి పంపమనుండ్రి.